ట్యాఫీ, టాఫీ, జీడి: సాగే మిఠాయికి ఆ పేరెలా వచ్చింది?

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కొడుకు కిందటిసారి వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. లోపల మైనపు కాగితంలో చుట్టి, రెండు కొసలూ మెలిపెట్టిన రంగురంగుల బిళ్ళలు. పెట్టె మీద ‘సాల్ట్ వాటర్ ట్యాఫీ’ అని ఉంది. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని కాసేపు నమిలి, “ఉప్పునీళ్ళంటావేంట్రా, ఇది మన జీడే కదా” అంది. పక్కనే ఉన్న మేనకోడలు ఒప్పుకోలేదు. “కాదు అమ్మమ్మా, టాఫీ అంటే చాక్లెట్. మా హిందీ టీచర్ అలాగే అంటారు.” పిన్ని కొడుకేమో, టాఫీ వేరు, ట్యాఫీ వేరు అని ఇంకో ముడి వేశాడు.

ముగ్గురిలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. అసలు చిక్కల్లా అక్కడే ఉంది.

ఒక్క అచ్చు తేడా, రెండు మిఠాయిలు

ముందు ఈ రోజు వాడుక చూద్దాం. అమెరికాలో ట్యాఫీ అంటే పంచదార, మొక్కజొన్న సిరప్, కొంచెం నూనో వెన్నో వేసి పాకం పట్టి, అది వేడిగా ఉండగానే పదేపదే లాగి, మడిచి, మళ్ళీ లాగి చేసే మెత్తటి మిఠాయి. లాగకపోతే అది ట్యాఫీ కాదు. బ్రిటన్‌లో టాఫీ అంటే పంచదారలోనో చెరకు మడ్డిలోనో వెన్న వేసి, పాకం బాగా ముదిరేదాకా కాచి, పళ్ళెంలో పోసి ఆరబెట్టేది. దాన్ని లాగరు, పగలగొడతారు. అందుకోసం బుల్లి సుత్తి కూడా అమ్మేవారు.

మన దేశానికి వచ్చేసరికి గీతలు చెరిగిపోయాయి. హిందీలో కాగితం చుట్టిన ఏ తీపి బిళ్ళయినా టాఫీయే. తెలుగులో అదే బిళ్ళ చాక్లెట్ అవుతుంది, అందులో కోకో గింజ వాసన కూడా లేకపోయినా సరే. పుట్టినరోజున బళ్ళో పంచే పిప్పరమెంటు కూడా మనకు చాక్లెట్టే. కాబట్టి మేనకోడలు చెప్పింది మన వాడుక ప్రకారం నిజం.

ఈ రెండు ఇంగ్లీషు మాటలూ నిజానికి ఒకే మాటకు రెండు ఉచ్చారణలు. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో ట్యాఫీ అనేవాళ్ళు. దక్షిణాన టాఫీ అన్నారు. పుస్తకాల భాషలో దక్షిణాదివాళ్ళ ఉచ్చారణే నిలబడింది. ట్యాఫీ అట్లాంటిక్ దాటి అమెరికాలో స్థిరపడింది. ఒకే మాట రెండు ఒడ్డుల మీద రెండు వంటల పేరయింది. కృష్ణకు ఆవల ఒకలా, ఈవల ఒకలా పలికే మాటలు మనకూ ఉన్నాయి కదా, అలాగే.

పాకం ఎక్కడ ఆపాలి?

వంటింట్లో తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అంటాం. థర్మామీటరుతో పనిలేకుండా, గిన్నెలో నీళ్ళు పోసి ఒక చుక్క వేసి చూస్తాం. ట్యాఫీకీ టాఫీకీ తేడా ఏమిటో ఈ నీళ్ళ గిన్నె దగ్గరే అర్థమవుతుంది.

పంచదార నీళ్ళను మరిగిస్తే నీరు ఆవిరైపోతూ, పాకం వేడి పెరుగుతూ ఉంటుంది. దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేళ్ళ మధ్య తీగ వస్తుంది. 115 దగ్గర నీళ్ళలో వేసిన చుక్క మెత్తటి ఉండ అవుతుంది. అరిసెల పాకం చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కలే పొయ్యి దించేస్తారు. 120 నుంచి 130 మధ్య ఉండ గట్టిపడుతుంది, అయినా నొక్కితే నొక్కుకుంటుంది. సాగే ట్యాఫీ పుట్టేది ఇక్కడ. ఇంకా కాచి 150 దగ్గరకు తీసుకెళ్తే చుక్క నీళ్ళలో పడగానే గాజులా బిగుసుకుంటుంది, గిన్నె అంచుకు కొడితే టంగుమంటుంది. బ్రిటిష్ టాఫీ అక్కడిది.

అంటే ఒకే పొయ్యి, ఒకే పంచదార. పావుగంట ముందు దించితే ఒకటి, ఆలస్యంగా దించితే ఇంకొకటి. అలాంటప్పుడు పేర్లు మొదట్లో కలిసిపోయి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

లాగితే ఏమవుతుంది?

గోదావరి జిల్లాల తీర్థాల్లో జీళ్ళు చేసేవాణ్ణి దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గుంజకు ఒక మేకు కొట్టి ఉంటుంది. బెల్లం పాకం ముద్ద కాస్త చల్లారగానే చేతులకు నూనె రాసుకుని, ముద్దను మేకుకు తగిలించి బారెడు లాగుతాడు. కిందకు జారబోతుండగానే కొస పట్టుకుని మళ్ళీ మేకు మీదకు విసురుతాడు. మొదట నల్లగా, తారు ముద్దలా ఉన్నది పది నిమిషాల్లో బంగారు రంగుకు తిరుగుతుంది, తర్వాత ఇంకా పాలిపోతుంది. అప్పుడు తాడులా చేసి, కత్తెరతో టకటకా ముక్కలు కోస్తాడు.

రంగు మారడానికి ఏ మందూ కలపలేదు. మడిచినప్పుడల్లా మడత మధ్య గాలి ఇరుక్కుంటుంది. లాగినప్పుడు ఆ గాలి సన్నటి బుడగలుగా చీలిపోతుంది. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోవడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. సబ్బు ఏ రంగుదైనా నురగ తెల్లగానే ఉన్నట్టు. మెత్తదనం కూడా ఆ బుడగలు ఇచ్చేదే.

ఒకసారి మడిస్తే రెండు పొరలు, రెండోసారి నాలుగు, మూడోసారి ఎనిమిది. పది మడతలకు 1,024. ఇరవైకి పది లక్షలు దాటుతాయి. అలిసిపోయిన చెయ్యి ఆ లెక్క వెయ్యదు గానీ, జీడిని విరిచి చూస్తే లోపల దారాల్లా కనిపించేవి ఆ పొరలే.

అమెరికాలో ఈ చేతిపనికి యంత్రం వచ్చాక దాని పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1921లో ప్రధాన న్యాయమూర్తి విలియం హోవర్డ్ టాఫ్ట్ ఆ తీర్పు రాశారు. టాఫ్ట్ గారు ట్యాఫీ కేసు విన్నారన్నమాట! కేసంతా కొక్కేల చుట్టూ తిరిగింది. రెండు కొక్కేలు ఉంటే మిఠాయి సాగుతుంది తప్ప మడత పడదు, మూడోది ఉంటేనే ఒకదాని మీద ఒకటి పడుతుంది. మన తీర్థంలో కొక్కెం ఒక్కటే. మిగతా పని రెండు చేతులు చూసుకుంటాయి.

1817 అనే అంకెను ఎలా చదవాలి?

ఇక మాట సంగతి. ఇంగ్లీషు పదచరిత్రల ప్రకారం ట్యాఫీ అనే మాట రాతలో కనిపించేది 1817 నుంచి. టాఫీ 1825 నుంచి. మొదట్లో దాన్ని ‘టఫీ’ అని పలికేలా కూడా రాశారు.

ఈ తేదీలు చూసి ట్యాఫీ అక్క, టాఫీ చెల్లెలు అనుకుంటాం. కొంచెం ఆగాలి. మాట అచ్చులోకి ఎక్కిన రోజు, మాట పుట్టిన రోజు ఒకటి కావు. ‘ఈ సీరియల్ జీడిపాకంలా సాగుతోంది’ అన్న మాట మనం ఇంట్లో ఎన్నేళ్ళ నుంచి అంటున్నాం? అది మొదటిసారి పత్రికలో పడిన తేదీ వెతికి, ‘ఈ వాడుక ఆనాడు పుట్టింది’ అని ఎవరైనా రాస్తే నవ్వుతాం. పిల్లల తిండి పదార్థాల పేర్లు మరీనూ. రాసేవాళ్ళు తినడం మానేశాక గానీ వాటిని రాయరు.

అంకెలు గట్టిగా చెప్పేది ఒక్కటే. పంతొమ్మిదో శతాబ్దం మొదటి పాతికేళ్ళకల్లా రెండు రూపాలూ జనం నోట్లో ఉన్నాయి.

రమ్ము వాదం, టఫ్ వాదం

మూలం గురించి రెండు వాదాలు ఎక్కువగా వినిపిస్తాయి.

మొదటిది కరేబియన్ దీవుల నుంచి వస్తుంది. అక్కడ చెరకు మడ్డిని పులియబెట్టి కాచే చవక రమ్ముకు ‘తాఫియా’ అని పేరు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో ఆ మాట ఉంది. ‘రతాఫియా’ అనే ఇంకో మద్యం పేరులో మొదటి అక్షరం రాలిపోయి తాఫియా అయిందని కొందరంటారు. పల్లెల్లో స్టేషన్ కాస్తా టేషన్ అయిపోలేదూ, అలాంటి రాలుడే. ఈ సారా కాచేటప్పుడు పైన తేలే పాకాన్ని తీసి మిఠాయి చేసేవారని, సారా పేరే మిఠాయికి అంటుకుందని వాదం.

వినడానికి బాగుంది. ముడిసరుకూ కలుస్తుంది, ఎందుకంటే తొలినాళ్ళ ట్యాఫీ పంచదార కంటే చెరకు మడ్డితోనే ఎక్కువ చేసేవారు. కరేబియన్ పంచదార, మడ్డి బ్రిటన్ రేవుల్లో దిగుతున్న కాలం కూడా అదే. అయితే మధ్యలో ఒక మెట్టు లేదు. తాఫియా మీది పాకంతో చేసిన మిఠాయిని ఫలానా చోట ట్యాఫీ అన్నారని చూపించే రాత కావాలి. అది లేనంతవరకు ఇది పోలిక మాత్రమే. అందుకే నిఘంటువులు ఈ వాదం పక్కన ‘బహుశా’ అని పెట్టి ఊరుకుంటాయి.

రెండో వాదం ఇంటికి దగ్గరగా ఉంటుంది. నమలడానికి గట్టిగా ఉంటుంది కాబట్టి ‘టఫ్’ నుంచి టఫీ, దాన్నుంచి టాఫీ అయిందట. 1825 నాటి రాతల్లో వర్ణక్రమం ఈ వాదానికి బలం ఇచ్చేలా ఉంది. కానీ ట్యాఫీ రూపం అంతకుముందే కనిపిస్తోంది. టఫ్ నుంచి టాఫీ వచ్చిందంటే ట్యాఫీ ఎక్కణ్ణుంచి వచ్చిందో మళ్ళీ చెప్పాలి. అర్థం తెలియని మాట చేతికొస్తే జనం దాన్ని తెలిసిన మాటలా మార్చేసుకుంటారు, ఆ తర్వాత అదే మూలం అనుకుంటారు. టఫీ అనే వర్ణక్రమం అలా వచ్చి ఉండొచ్చు.

నన్నడిగితే రమ్ము వాదానికే ఒక పిసరు ఎక్కువ మొగ్గు చూపుతాను, రెండిటినీ రుజువు కిందకు తీసుకోను.

ఇంకో ట్యాఫీ కూడా ఉన్నాడు. ఇంగ్లీషువాళ్ళు వేల్స్ మనుషుల్ని ఎగతాళిగా ట్యాఫీ అంటారు. అది డేవిడ్‌కు వెల్ష్ రూపమైన ‘దావిద్’ నుంచి వచ్చింది. మిఠాయికీ దానికీ సంబంధం లేదు. ఉత్తర వేల్స్‌లో క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రుల్లో ఇరుగుపొరుగు చేరి పాకం కాచి, లాగి మిఠాయి చేసుకునే ఆచారం ఉండేది. ఆ సంగతి తెలిస్తే రెండూ ఒకటే అనిపించడం సహజం. అయినా కాదు.

ఉప్పునీళ్ళలో ఉప్పెంత?

మా ఇంటికొచ్చిన పెట్టె మీది పేరు న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీది. అక్కడి సముద్రపు ఒడ్డున 1880ల నుంచి ఈ మిఠాయి అమ్ముతున్నారు. అక్కడ చెప్పుకునే కథ ఇది. 1883లో తుపాను అలలు డేవిడ్ బ్రాడ్లీ అనే ఆయన కొట్లోకి వచ్చి సరుకంతా తడిపేశాయట. తర్వాత ఒక పాప వచ్చి ట్యాఫీ అడిగితే, ఆయన ఒళ్ళు మండి “ఉప్పునీళ్ళ ట్యాఫీ ఉంది, కావాలా?” అన్నాడట. ఆ పేరే స్థిరపడిపోయిందట.

‘ట’లు ఎన్ని ఉన్నాయో చూశారుగా. కథ అందంగా ఉంది, అంతవరకే. పేరును ఊరి గుర్తుగా పెట్టెల్లో పెట్టి యాత్రికులకు అమ్మి పైకి తెచ్చింది మాత్రం జోసెఫ్ ఫ్రాలింజర్ లాంటి వ్యాపారులు. 1923లో జాన్ ఎడ్మిస్టన్ అనే ఆయన ఈ పేరు మీద ట్రేడ్‌మార్క్ సంపాదించి, అందరూ తనకు డబ్బు కట్టాలన్నాడు. మిగతా వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు. ఎప్పటి నుంచో అందరూ వాడుతున్న పేరు ఒక్కడి సొత్తు కాదని రెండేళ్ళకు అది కొట్టేశారు.

ఇక మిఠాయిలో సముద్రపు నీళ్ళు లేవు. చిటికెడు ఉప్పు, మామూలు నీళ్ళు, అంతే. ఆ లెక్కన మన చారు కూడా సాల్ట్ వాటరే.

మన దగ్గర బయల్దేరిన మాట

లాగిన మిఠాయికి ఇంగ్లీషు కంటే చాలా పాత పేరు ఒకటుంది, దాని కొస మన దగ్గరే దొరుకుతుంది. సంస్కృతంలో ‘ఫాణితం’ అంటే చిక్కబడేదాకా కాచిన చెరకు రసం. అమరకోశంలో ఉంది, ఆయుర్వేద గ్రంథాల్లో ఉంది. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట, అచ్చులో పోయడానికి ముందు పెనంలో జిగటగా ఉడికేది చూసినవాళ్ళకు ఫాణితం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాట పారశీకంలోకి ‘పానీద్’గా వెళ్ళింది. అరబ్బీలో ‘ప’ ధ్వని లేదు, అందుకే అక్కడ ‘ఫానీద్’ అయింది. అర్థం కూడా పాకం నుంచి లాగిన చక్కెర కడ్డీకి జరిగింది. మధ్యయుగాల యూరప్ వైద్యులు దాన్ని లాటిన్‌లో ‘పెనీడియా’ అని రాసుకుని దగ్గుకు, గొంతు నొప్పికి ఇచ్చేవారు. స్పెయిన్‌లో అరబ్బీ ‘అల్’ కూడా మాటకు అతుక్కుపోయి ‘అల్ఫెనీకె’ అయింది. పోర్చుగీసులో ‘అల్ఫెనిం’. స్పెయిన్ వాళ్ళతో మెక్సికోకు చేరిన ఆ పేరుతోనే అక్కడ చనిపోయినవాళ్ళ పండుగకు చక్కెర పుర్రెలు, బొమ్మలు చేస్తారు.

తాఫియా దారికీ దీనికీ తేడా చూడండి. ఇక్కడ ప్రతి మెట్టు మీదా రాత ఉంది, ధ్వని ఎందుకు మారిందో చెప్పే నియమం ఉంది, వస్తువు కూడా ఒకదాన్నుంచి ఒకటి వచ్చినట్టే ఉంది. మూలం తేలింది అనడానికి కావలసింది ఇదీ. ‘కాండీ’ కూడా ఈ దారినే వెళ్ళింది: సంస్కృత ఖండం, పారశీక కంద్, అరబ్బీ కందీ. మన ‘కలకండ’లో ఆ ముక్క ఇంకా మిగిలే ఉంది.

జీడి ఏ చెట్టు కాయ?

అమ్మ అన్న మాటకు వద్దాం. తెలుగులో జీడి అంటే ముందుగా ఒక చెట్టు, నల్లజీడి. దాని గింజ రసం నల్లగా, జిగటగా ఉంటుంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చాకలివాళ్ళు బట్టలకు గుర్తులు పెట్టింది దానితోనే. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి ఇంకో చెట్టు తెచ్చినప్పుడు మనవాళ్ళు దాన్ని జీడిమామిడి అన్నారు. ఆవకాయ ముక్కలు కొట్టేటప్పుడు టెంకలోంచి తీసి పారేసే పప్పునూ జీడి అనే అంటాం. విచిత్రం ఏమిటంటే నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబానికి చెందినవి.

మరి మిఠాయి? జీడిపప్పు వేసేవారు కాబట్టి జీడి అన్నారని కొందరంటారు. ఇది నిలబడదు. తీర్థంలో అమ్మే జీళ్ళలో బెల్లమో పంచదారో, ఎక్కువంటే నువ్వులు ఉంటాయి. జీడిపప్పు పాకం పట్టి చేసేది వేరే మిఠాయి, దాని పేరులో ‘పప్పు’ అన్న మాట ఎప్పుడూ ఊడదు. లాగకముందు బెల్లం పాకం నల్లగా, వేలికి అంటుకుని వదలకుండా ఉంటుంది. అచ్చం జీడి రసంలా. ఆ పోలికతో పేరు వచ్చిందనుకోవడం నాకు సబబుగా ఉంది. జిడ్డు, జిగురు, జిగట కూడా చెవికి చుట్టాల్లాగే వినిపిస్తాయి. కానీ వినిపించడం వేరు, వంశవృక్షం వేరు. ఇందాక వేల్స్ ట్యాఫీ దగ్గర చూశాం.

ఇదే వస్తువులో ఒక్కో భాష ఒక్కో సంగతిని పట్టుకుంది. కెనడాలోని క్యూబెక్‌లో నవంబరు 25న, సెయింట్ కేథరిన్ పండుగకు చేసే మిఠాయి పేరు ‘తీర్’. ఫ్రెంచిలో లాగడం అనే క్రియ నుంచి వచ్చింది. ఇరాన్‌లో దారాల్లా లాగినదాన్ని ‘పష్మక్’ అంటారు, పష్మ్ అంటే ఉన్ని. తమిళంలో ‘జవ్వు మిఠాయి’, జవ్వు అంటే పొర. కర్రకు గులాబీ రంగు ముద్ద చుట్టి తెచ్చి, పిల్లల చేతికి వాచీలా చుట్టి ఇస్తాడే, ఆ మిఠాయి.

తమిళులు కూడా సాగదీసిన సినిమాను జవ్వులా లాగుతున్నాడు అంటారు, మనం జీడిపాకం అన్నట్టే. అమెరికావాళ్ళకు ఈ సాగడంలో తప్పేమీ కనిపించలేదు, తియ్యదనమే కనిపించింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ళ వాడుకలో ట్యాఫీ అంటే ముఖస్తుతి. మనం మునగచెట్టు ఎక్కించాడు అనే చోట వాళ్ళు ట్యాఫీ పెట్టాడు అనేవారు. అప్పటి అమెరికా పత్రికలో ఒక నాయకుడి ఉపన్యాసాన్ని ‘ఒట్టి ట్యాఫీ’ అని ఎవరైనా రాసి ఉంటే, ఆయన గంటల తరబడి మాట్లాడాడని కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళను తెగ పొగిడాడని అర్థం.